పొలానికి పరిశోధకులు కావాలి, మన పిల్లలకు పరిశోధన కావాలి

గత నెల ఆత్మకూరులో సంఘం సమావేశం ముగిసి అందరూ బస్సుల కోసం లేస్తుండగా, ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక బత్తాయి రైతు మమ్మల్ని పక్కకు పిలిచాడు. నీళ్ల సంగతో, బ్యాంకు అప్పు సంగతో అడుగుతాడనుకున్నాం. ఆయన అడిగింది వేరే.

“అన్నా, మా పాప చదువు పీహెచ్‌డీ దాకా అయిపోయింది. ఊళ్లో అందరూ డాక్టరమ్మ అంటుండారు. సూదేసే డాక్టరు కాదంటే నవ్వుతుండారు. ఇప్పుడు పోస్ట్‌డాక్ అని ఇంకోటి ఉందంట, అది చేస్తేగానీ ఉద్యోగం లేదంట. విదేశంలో ఆ సీటిప్పిస్తానని ఒకాయన మూడు లక్షలు అడగతా ఉండాడు. రెండెకరాలు తాకట్టు పెట్టేదా, వద్దా? మీరే చెప్పండి.”

పెట్టొద్దని వెంటనే చెప్పాం. ఆయన ఊరుకోలేదు. “మరి ఏం చేయమంటారన్నా?” అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఎరువుల ధర గురించి, పంటల బీమా గురించి, సోమశిల నీటి గురించి గంటలు గంటలు మాట్లాడే మనం, మన ఇంట్లో ఇరవై ఏళ్లు చదివిన పిల్ల ముందున్న దారి గురించి ఒక్క మాట చెప్పలేకపోయాం. ఆ సిగ్గుతోనే ఈ నెల సంపాదకీయం రాస్తున్నాం. చదువుకున్న పిల్లలను, వాళ్లకు పాఠాలు చెప్పిన వాళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాం. ఇది రైతుల పత్రికలో రావాల్సిన విషయమేనా అని ఎవరికైనా అనిపిస్తే, చివరిదాకా చదవమని కోరుతున్నాం.

ముందు, పోస్ట్‌డాక్ అంటే ఏమిటో. పీహెచ్‌డీ నారుమడి లాంటిది. గైడు పక్కనే ఉండి, నీళ్లు పెట్టి, పురుగు చూసి పెంచుతాడు. ఆ నారు పీకి వేరే మడిలో నాటితే సొంతంగా వేరు పట్టి పిలకలు వేస్తుందా లేదా అని చూసే కాలం పోస్ట్‌డాక్. అది కోర్సు కాదు, సీటు కాదు, డిగ్రీ అంతకన్నా కాదు. రెండేళ్లో మూడేళ్లో ఒక ప్రయోగశాలలో జీతం తీసుకుని చేసే పని. విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు కావాలన్నా, పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త కావాలన్నా, ఈ రోజుల్లో ఆ అనుభవం ఉన్నవారికే ముందు పిలుపు వస్తోంది.

జీతం తీసుకుని చేసే పని అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మూడు లక్షలు అడిగిన పెద్దమనిషి సంగతి అక్కడే తేలిపోతుంది. జీతమిచ్చి పనిలో పెట్టుకునే ప్రయోగశాల ఎక్కడైనా అభ్యర్థి దగ్గర ఎదురు డబ్బు తీసుకోదు. విమాన ఛార్జీ, వీసా రుసుము, సర్టిఫికెట్ల ఖర్చు వేరు. అంతకు మించి సీటు ఇప్పిస్తాను, ప్రొఫెసరు నాకు తెలుసు, ముందు సగం కట్టండి అన్నవాడు ఎవడైనా సరే, వాడికి రైతు ఇంటి గుమ్మం చూపించకూడదు. విత్తనాల కొట్టులో రసీదు లేకుండా సంచి కొనొద్దని మనం చెప్పుకుంటాం కదా, ఇదీ అంతే.

మన దేశంలో ఈ పని దొరికే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది ప్రాజెక్టు దారి. ఒక శాస్త్రవేత్తకు ప్రభుత్వ శాఖ నుంచి ప్రాజెక్టు మంజూరవుతుంది. అందులో పని చేయడానికి రీసెర్చ్ అసోసియేట్ పోస్టు ఉంటుంది. సంస్థ తన వెబ్‌సైటులో ప్రకటన వేస్తుంది, ఒక తేదీ చెప్పి నేరుగా ఇంటర్వ్యూకు రమ్మంటుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మన రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, ఇలాంటి చోట్ల ఈ ప్రకటనలు వస్తుంటాయి. ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య గడువు చాలా తక్కువ ఉంటుంది. పల్లెలో ఉన్న పిల్లకు కబురు తెలిసేలోపు తేదీ దాటిపోతుంది. వారానికి ఒక రోజు పెట్టుకుని ఈ సంస్థల వెబ్‌సైట్లు వరసగా చూసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

జీతం ఎంత? 2023 జనవరి 1 నుంచి అమలయ్యేలా కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ రేట్లు సవరించింది. రీసెర్చ్ అసోసియేట్ మొదటి మెట్టుకు నెలకు 58,000 రూపాయలు, రెండో మెట్టుకు 61,000, మూడో మెట్టుకు 67,000, ఆపైన ఇంటి అద్దె భత్యం. వినడానికి బాగానే ఉంది. అయితే ఇది ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. నిధులు రావడం ఆలస్యమైతే నెలల తరబడి జీతం అందని పిల్లలు మాతో మాట్లాడారు. మిర్చి యార్డులో సరుకు దించి, డబ్బు రేపు మాపు అని తిరిగే రైతు బాధ వాళ్లకూ తెలుసు.

రెండోది సొంత ఫెలోషిప్ దారి. ఇక్కడ అభ్యర్థే ఒక పరిశోధన ప్రతిపాదన రాసుకుని, తనను చేర్చుకోవడానికి ఒప్పుకునే శాస్త్రవేత్తను వెతుక్కుని, ఆయన సమ్మతి పత్రంతో దరఖాస్తు చేయాలి. దేశంలో పెద్దది నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. ఒకప్పుడు సెర్బ్ అనే సంస్థ ఇచ్చేది. 2023లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో ఇప్పుడది కలిసింది. కాలం రెండేళ్లు. వయోపరిమితి 35 ఏళ్లు, మహిళలకూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకూ అయిదేళ్ల సడలింపు. థీసిస్ సమర్పించి డిగ్రీ కోసం ఎదురు చూస్తున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, సీఎస్ఐఆర్ కూడా రీసెర్చ్ అసోసియేట్‌షిప్‌లు ఇస్తాయి.

విదేశాల సంగతీ చెప్పుకుందాం. అక్కడికి పోవాలంటే ఏజెంటు అక్కర్లేదు, గడియారం చూసుకోవడం కావాలి. పీహెచ్‌డీ పట్టా వచ్చిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. జర్మనీలోని హుంబోల్ట్ ఫౌండేషన్ వారి పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు నాలుగేళ్లలోపు అడగాలి. జపాన్ ప్రభుత్వ సంస్థ జేఎస్‌పీఎస్ ఇచ్చేదానికి ఆరేళ్లు. ఐరోపా సమాఖ్య మేరీ క్యూరీ పేరుతో ఇచ్చేదానికి ఎనిమిదేళ్లు, బిడ్డల కోసం ఆగిన కాలాన్ని అందులోంచి తీసేస్తారు. పెళ్లి, పురుడు అని మూడేళ్లు ఇంట్లో ఉన్న ఆడపిల్ల ఇక నా పని అయిపోయిందని అనుకోనక్కర్లేదు. అదును దాటాక విత్తనం వేస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ చదువులకూ అదును ఉంది.

ఇక ప్రొఫెసరుకు ఉత్తరం రాయడం. మాట్లాడిన వాళ్లందరూ ఒకే మాట చెప్పారు. ఒకే ఉత్తరాన్ని రెండు వందల మందికి పంపితే ఒక్క జవాబు రాదు. పది మందిని ఎంచుకుని, ఒక్కొక్కరు ఈ మధ్య రాసిన పరిశోధన పత్రాలు చదివి, మీరు చేసే ఈ పనిలో నాకు తెలిసినది ఇది, నేను చేయగలిగినది ఇది అని ఒక పేజీలో రాస్తే జవాబు వస్తుంది. థీసిస్ అయిపోయాక కాదు, ఏడాది ముందే మొదలు పెట్టాలి. గైడు కాక, తన పని తెలిసిన ఇంకో ఇద్దరు ముగ్గురి సిఫారసు ఉండాలి. అది పలుకుబడి సిఫారసు కాదు, ఈ అమ్మాయి పని ఎలా చేస్తుందో తెలిసినవాళ్లు నిజాయితీగా రాసే ఉత్తరం. పెద్ద కాలేజీల్లో చదివిన పిల్లలకు ఇవి సీనియర్లు చెబుతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన రైతు బిడ్డకు చెప్పేవాళ్లు లేరు. తెలివిలో తేడా లేదు, కబురులోనే తేడా.

ఇంతవరకూ పిల్లల మాట. ఇప్పుడు పొలం మాట.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలు ఉన్నట్టుండి ఎండిపోయాయి. కొమ్మల చివళ్లు మాడి, కాండం నల్లబడి, చెట్టుకు చెట్టు చచ్చింది. దెబ్బతిన్నది రెండు లక్షల పాతిక వేల హెక్టార్లు. అంతకు ముందున్న మొవ్వకుళ్లు తెగులే అనుకుని మందులు కొట్టినవాళ్లు కొట్టారు, దేవుడికి మొక్కినవాళ్లు మొక్కారు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వచ్చి నమూనాలు తీసుకుపోయి చూస్తే అది వేరే వైరస్ అని, పొగాకులో చారలు తెచ్చే వైరస్ అని తేలింది. అది ఎక్కడి నుంచి వస్తోంది? గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ కలుపు నుంచి. ఆ మొక్క పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి లేత మొక్కల మీద వేస్తాయి. అందుకే గట్ల మీద వయ్యారిభామ పీకమని, చేను చుట్టూ జొన్న వరసలు వేయమని, విత్తనశుద్ధి చేయమని సలహా వచ్చింది. పీకడానికి మన చేతులు చాలు. ఏది పీకాలో తెలియడానికి మాత్రం సూక్ష్మదర్శిని ముందు రాత్రులు కూర్చునే మనిషి కావాలి.

బత్తాయి రైతుకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. జంబేరి మీద కట్టిన అంట్లు వేరుకుళ్లు వచ్చి, కాపు మీద ఉన్న చెట్టు నిలువునా ఎండిపోవడం మన తోటల్లో చూడనివారు లేరు. రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు ఆ తెగులును మెరుగ్గా తట్టుకుంటుందని తేల్చింది పరిశోధనే. బత్తాయి మీద ఏ ప్రయోగమైనా ఒక ఏడాదితో తేలదు. చెట్టు కాపుకు రావాలి, పదేళ్లు నిలవాలి, లెక్క రాయాలి. వెంకటగిరి దగ్గర పెట్లూరులోని పరిశోధన స్థానం నుంచి గజ్జి తెగులును తట్టుకునే నిమ్మ రకం పెట్లూరు సెలక్షన్-1 వచ్చింది. నెల్లూరులో వరి పరిశోధన స్థానం 1937 నుంచి ఉంది. అగ్గి తెగులుకు తట్టుకునే రకాలు అక్కడి నుంచి వచ్చాయి. నెల్లూరు మసూరి అని మనం పిలిచే ఎన్‌ఎల్‌ఆర్ 34449 అక్కడి బిడ్డే. ఈ రకాల వెనక పేరు తెలియని కుర్ర పరిశోధకులు ఎందరో ఉన్నారు. వడ్లు మనం తింటున్నాం, వాళ్ల పేర్లు మనకు తెలియవు.

సాంబ మసూరి సంగతీ చూడండి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 బువ్వకు బంగారం, కానీ ఎండాకు తెగులు వస్తే చేను గడ్డే. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి, బియ్యం నాణ్యత చెడకుండా మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఒక తరంలో ఒక మొక్కను ఇంకో మొక్కతో కలపడం, వందల మొక్కల ఆకులు తుంచి జన్యువు ఉందో లేదో చూడడం, మళ్లీ నాటడం. ఏళ్ల తరబడి సాగే ఇలాంటి పనిలో రోజువారీ భారం మోసేది పీహెచ్‌డీ విద్యార్థులు, రీసెర్చ్ అసోసియేట్లు. వాళ్లు లేకపోతే పెద్ద శాస్త్రవేత్తల పథకాలు కాగితం మీదే ఉంటాయి.

మరి మన పడమటి మండలాల సంగతి? వరి మీద పని నెల్లూరులో జరుగుతుంది, నిమ్మ మీద పెట్లూరులో, పొగాకు మీద రాజమండ్రిలో, కందుకూరులో. నెల్లూరు గొర్రె మీద పరిశోధన పలమనేరులో. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు పొలాల మీద? ఇక్కడివి వెలిగొండ నీడలో ఉన్న ఎర్ర నేలలు. 78 టీఎంసీల సోమశిల ఆత్మకూరు పక్కనే అనంతసాగరం మండలంలో ఉంది, కానీ ఉదయగిరి రైతు ఇప్పటికీ హైలెవల్ కాలువ కోసం ఎదురు చూస్తున్నాడు. ఇక్కడ కంది ఏ రకం నిలుస్తుంది, ఏ లోతున నాలుగు తడుల నీటితో బత్తాయి బతుకుతుంది, కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాల మీద ఆధారపడ్డ పొగాకు రైతు ఇంకో పంటకు మారాలంటే ఏది కడుపు నింపుతుంది? ఈ ప్రశ్నలకు హైదరాబాదు మడుల్లో జవాబు దొరకదు. ఈ నేలలో, ఈ నీళ్లతో, నాలుగేళ్లు కూర్చుని చూసిన మనిషే చెప్పాలి.

2022 ఫిబ్రవరిలో ఆత్మకూరు శాసనసభ్యుడు, అప్పటి పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి ఆకస్మికంగా మరణించారు. ఆయన కుటుంబం ఉదయగిరిలోని తమ ఇంజనీరింగ్ కళాశాలను ప్రభుత్వానికి అప్పగించడానికి ముందుకొచ్చింది. దాన్ని వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయంగా తీర్చిదిద్దుతామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. విశ్వవిద్యాలయం అన్న మాట మాటగానే మిగిలింది. రంగా విశ్వవిద్యాలయం కింద వ్యవసాయ కళాశాల వచ్చింది. అది తక్కువ సంగతి కాదు, ఉదయగిరి దుర్గం కింద వ్యవసాయ పాఠం చెప్పే బడి ఉండడం మన తండ్రులు కలగనని విషయం. ఎవరి పార్టీ, ఎవరి పేరు అన్నది మన పత్రికకు ముఖ్యం కాదు. బడి ఉంటే సరిపోదు, ప్రయోగం జరగాలన్నదే మన మాట. పాఠం చెప్పే చోట పరిశోధన లేకపోతే, పిల్లలు పక్క జిల్లా పొలాల గురించి పుస్తకంలో చదివి పరీక్ష రాసి పోతారు. గోడ అవతలి పొలంలో కంది ఎందుకు ఎండుతోందో ఎవరికీ తెలియదు.

రంగా విశ్వవిద్యాలయం 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైంది, 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, తిరిగొచ్చి రైతులను కూడగట్టిన మనిషి. పైచదువు చదివినవాడు పొలానికి తిరిగి రావడం వింత కాదని ఆయన జీవితమే చెబుతుంది. అయితే తిరిగి రావాలంటే వచ్చాక నిలబడడానికి ఒక చోటు ఉండాలి. ఆ చోటు ఏదీ?

దేశం మొత్తం మీద పరిశోధనకు చేస్తున్న ఖర్చు 2020-21లో జాతీయోత్పత్తిలో 0.64 శాతం. వంద రూపాయల సంపదలో అరవై నాలుగు పైసలు. అందులో వ్యవసాయం వాటా ఒక ముక్క, ఆ ముక్కలో మెట్ట వ్యవసాయానికి దక్కేది ఇంకో ముక్క. శాస్త్రవేత్త పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ ఏళ్లకు ఏళ్లు ఖాళీగా ఉంటుంది. ఒకరికి మూడు స్థానాల ఇన్‌చార్జి బాధ్యత. ఇంకో పక్క పీహెచ్‌డీ చేతిలో పెట్టుకుని మన పిల్లలు ప్రైవేటు కాలేజీల్లో పాతిక వేలకు, ముప్పై వేలకు పాఠాలు చెబుతున్నారు, లేదా మందుల కంపెనీ బ్యాగు భుజాన వేసుకుని మన ఊళ్లకే పురుగుమందు అమ్మడానికి వస్తున్నారు. పొలానికి మనిషి లేడు, మనిషికి పొలం లేదు. ఈ రెండు కష్టాలనూ ఇన్నాళ్లు వేర్వేరుగా చూశాం. అది మన పొరపాటు. ఇవి ఒకే తాడుకు రెండు కొసలు.

బ్రెజిల్ సంగతి చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. మన ప్రాంతపు ఒంగోలు జాతి పశువులను వాళ్లు తీసుకుపోయి, మన జిల్లా పేరు మీద నెల్లోర్ అని పిలుచుకున్నారు. 1868లో సాల్వడార్ రేవులో దిగిన జతతో మొదలై, 1960 దశకం దాకా పశువులు వెళ్లాయి. ఈరోజు ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఆ రక్తమే. వాళ్లు పశువులను మేపి ఊరుకోలేదు. 1973లో ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టి, తమ కుర్రవాళ్లను పైచదువులకు పంపించి, తిరిగి రప్పించి, ఆ ఎండకు ఏ గడ్డి పెరుగుతుంది, ఏ దూడ ఎంత బరువు తూగుతుంది అని లెక్కలు కట్టారు. నెల్లోర్ ఎద్దు జన్యుపటాన్ని కూడా బ్రెజిల్ శాస్త్రవేత్తలే తయారు చేశారు. పశువు మనది, పేరు మనది, విజ్ఞానం వాళ్లది. నెల్లూరు పేరు చెబితే సావో పావులోలో ఒక పరిశోధకుడికి ఉద్యోగం ఉంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన పిల్లకు లేదు.

అందుకని సంఘం తరఫున ప్రభుత్వం ముందు, విశ్వవిద్యాలయాల ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాం.

ఒకటి. నెల్లూరు, పొదలకూరు, పెట్లూరు పరిశోధన స్థానాల్లో, కృషి విజ్ఞాన కేంద్రంలో ఖాళీగా ఉన్న శాస్త్రవేత్తల పోస్టులను వెంటనే భర్తీ చేయాలి. ఇన్‌చార్జిలతో నడిపే పద్ధతి ఆపాలి.

రెండు. ఉదయగిరి వ్యవసాయ కళాశాలలో మెట్ట వ్యవసాయ పరిశోధన విభాగం పెట్టి, మూడేళ్ల గడువుతో పోస్ట్‌డాక్ స్థానాలు ఏర్పాటు చేయాలి. మట్టి, నీరు, కంది, బత్తాయి తెగుళ్లు, నెల్లూరు గొర్రె, మార్కెట్టు, ఒక్కొక్క దానికి ఒక్కొక్కరు. ఆరుగురు పరిశోధకులకు రెండో మెట్టు జీతం లెక్కన అద్దె భత్యం కాక ఏడాదికి అయ్యేది 44 లక్షల రూపాయల లోపు. ఒక రోడ్డు ముక్కకు పెట్టే ఖర్చు కన్నా తక్కువ.

మూడు. ఆ జీతం నెలనెలా అందాలి. ప్రాజెక్టు నిధి ఆలస్యమైతే విశ్వవిద్యాలయం తన నిధి నుంచి ముందు ఇచ్చి తర్వాత సర్దుకోవాలి. ఇక్కడ పని చేసిన ఏళ్లను శాశ్వత నియామకాల్లో అనుభవంగా లెక్కించాలి.

నాలుగు. రీసెర్చ్ అసోసియేట్ ప్రకటనలు తెలుగులో కూడా రావాలి. ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య కనీసం మూడు వారాలుండాలి. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. పీహెచ్‌డీ అయిన జిల్లా పిల్లలకు దారి చెప్పే ఒక కేంద్రం అక్కడ పెట్టాలి.

అయిదు. పరిశోధన అంశాలు నిర్ణయించే సమావేశాల్లో ఈ మండలాల రైతులకు చోటుండాలి. మా పొలంలో ఏం ఎండుతోందో మమ్మల్ని అడగాలి.

అడగడం ఒక్కటే మన పని కాదు, మనం చేయవలసిందీ ఉంది. ప్రయోగాలకు పొలం ఇవ్వడానికి ముందుకొచ్చే రైతుల పేర్లు మండలాల వారీగా సంఘం రాసుకుంటుంది. పావు ఎకరా చాలు. పైరు పోతే పోయిందని గొడవ చేయకుండా, లెక్కలు రాయనిచ్చే ఓపిక ఉండాలి. ఇళ్లలో పీహెచ్‌డీ అయిన పిల్లలు, చేస్తున్న పిల్లలు ఉంటే వాళ్ల చదువు వివరాలు ఉదయగిరి, ఆత్మకూరు కార్యాలయాల్లో ఇవ్వండి. ముందు నడిచినవాళ్లను వెనక వచ్చేవాళ్లతో కలిపే పని సంఘం చేస్తుంది. వచ్చే నెల నుంచి ఈ పత్రిక చివరి పేజీలో పరిశోధన పోస్టుల ప్రకటనలకు ఒక గడి కేటాయిస్తున్నాం. ధాన్యం ధర పక్కనే అది కూడా ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ముప్పై ఏళ్లొచ్చాయి, ఇంకా చదువేంది అని పిల్లలను పొడవకండి. బత్తాయి మొక్క నాటిన మూడో ఏడు కాయ లేదని ఎవరైనా పీకేస్తారా? అలాగని కళ్లు మూసుకుని అప్పు చేయకండి. మూడేళ్లు ప్రయత్నించి, దారి దొరక్కపోతే వేరే పని చూసుకోవడం ఓటమి కాదు. ఆ నిర్ణయం పిల్లలను తీసుకోనివ్వండి. మొదటి నుంచీ రెండు దారులూ మాట్లాడుకోండి.

ఆ బత్తాయి రైతుకు మేం మళ్లీ ఫోన్ చేశాం. తాకట్టు పెట్టలేదు. పాప పది మంది శాస్త్రవేత్తలకు పది వేరు వేరు ఉత్తరాలు రాసింది. ఇద్దరు జవాబిచ్చారు, ఒకరు ప్రతిపాదన పంపమన్నారు. ఇంకా ఏమీ తేలలేదు. ఫోన్ పెట్టేముందు ఆయన ఒక మాటన్నాడు. “అన్నా, మా పాప చేసింది బత్తాయి వేరు తెగులు మీదేనంట. ఆ పిల్ల ఎక్కడికో పోయి ఎవరి తోటలోనో చూసేదేంది, మా తోటలోనే నలభై చెట్లు ఎండిపాయ.”

ఆ మాటకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వం. జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉండవలసింది మనం.